బురద మీద ఒకటే దారి

మా చెల్లెలి మనవడు హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. పోయిన నెల నన్ను చూడడానికి వచ్చినప్పుడు తాను చేస్తున్న గేమొకటి టీవీకి తగిలించి, మీటలున్న ఆ పిడి నా చేతుల్లో పెట్టాడు. తెర మీద ఒక బుల్లి మనిషి. ఎడమ నుంచి కుడికి వెళ్ళాలి, దిమ్మ మీంచి దిమ్మ మీదికి దూకాలి, కింద పడితే వెనకున్న జెండా దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. వాడు కాస్త సిగ్గుపడుతూ, "ఇది పాతకాలపు పద్ధతి అమ్మమ్మా, లీనియర్ అంటారు. ఒకటే దారి. ఇప్పుడందరికీ ఎటు కావాలంటే అటు తిరిగే గేములు కావాలి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఒకటే దారి అయితే సిగ్గెందుకురా? అలాంటి దారి నేనూ ఒకటి కట్టాను. వీడియో లేదు, మీటలు లేవు, అసలు ఆ రోజుల్లో మా బడిలో కరెంటు కూడా ఉన్నరోజు ఉండేది, లేనిరోజు లేదు. అయినా మా ఆటలో దిమ్మలున్నాయి, దూకుళ్ళున్నాయి, జెండాలున్నాయి, కింద పడితే వెనక్కి వెళ్ళాలనే రూలుంది. ఇదంతా చెబితే వాడు పిడి పక్కన పెట్టేసి రెండు గంటలు కదలకుండా విన్నాడు. వాళ్ళ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల కోసం రాసిమ్మన్నాడు. అందుకని మీకోసం రాస్తున్నాను. మీరు నన్ను అమ్మమ్మ అనుకున్నా సరే, డ్రిల్ టీచర్ అనుకున్నా సరే. వీపు మాత్రం నిటారుగా పెట్టి చదవండి.

తుఫాను వచ్చి దివిసీమను ఊడ్చేసిన మరుసటి ఏడాది నాకు బందరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్‌గా ఉద్యోగం వచ్చింది. టెంపరరీ పోస్టు. మాది గుడివాడ దగ్గర పల్లె, మా నాన్న అక్కడ పాస్టరు. కాలవలూ బోదెలూ తెలిసినదాన్నే గాని సముద్రం పక్కన బతకడం నాకు కొత్త. బడి ఊరి చివర, గిలకలదిండి రేవుకు వెళ్ళే దారిలో ఉండేది. బడి వెనక మైదానం, మైదానం వెనక మురుగుకాలవ. చేరిన రోజు ఆ మైదానం చూసి పొంగిపోయాను. వానలు మొదలయ్యాక తెలిసింది, అది మైదానం కాదు, ఆరునెలలపాటు బురద మడుగని. కాలు పెడితే పిక్కల దాకా దిగేది. నత్తగుల్లలు కోసుకునేవి. ఆటల పీరియడ్‌లో పిల్లలు వరండాలో చతికిలబడి చింతగింజలు ఆడుకుంటుంటే, మెళ్ళో విజిల్ వేసుకుని నేను దిష్టిబొమ్మలా నిలబడేదాన్ని.

మా హెడ్‌మిస్ట్రెస్ లెక్కల టీచర్. పిల్లలు ఆవిణ్ణి పెద్ద టీచరుగారు అనేవారు. గంజిపెట్టిన తెల్లచీర, చంకలో నల్ల గొడుగు. ఆవిడ ఎండలో నడిచినా, వానలో నడిచినా, ట్రెజరీ నుంచి కబురొచ్చి నడిచినా ఒకటే వేగం. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి మర్యాదగా కూర్చోబెట్టి చెప్పింది. సగం ఏడాది మైదానం పనికిరాదు, వరండాలో కూర్చునే దానికి ఆటల పీరియడ్ ఎందుకు, జనవరి నుంచి ఆ పీరియడ్లు కుట్టు క్లాసుకు ఇచ్చేద్దాం, పిల్లలకు చేతిలో ఒక పనైనా ఉంటుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. లెక్క వేసి చెప్పింది, లెక్క తప్పు కూడా కాదు. కాని ఆ పీరియడ్లు పోతే బడిలో ఆడపిల్ల కాలు కదిపే అవకాశమే ఉండదు, నా పోస్టు సంగతి సరేసరి. స్కూలు వార్షికోత్సవం దాకా ఆగమని బతిమాలాను. అప్పటికి పిల్లల చేత ఏదైనా ఆడించి చూపిస్తానన్నాను. "ఆ బురదలోనా?" అంది. అవునన్నాను. ఏం ఆడిస్తానో అప్పటికి నాకే తెలియదు.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని బురదను చూస్తుంటే మా ఊరి బోదె, పొలాల నడుమ పారే పిల్లకాలవ, గుర్తొచ్చింది. దాని మీద తాటి దుంగ ఒకటి అడ్డంగా వేసుండేది, అదే మాకు వంతెన. చిన్నప్పుడు బడికి వెళ్ళే దారంతటిలో మాకు ఇష్టమైన చోటు ఆ దుంగే. బురదలో పరిగెత్తలేం, నిజమే. అసలు బురద ముట్టుకోకుండా అవతలి గోడ దాకా వెళ్తే? నేను లేచి నిలబడ్డాను. మీలో ఎవరికైనా మొదటిసారి మంచి ఆలోచన వచ్చిన రోజు గుర్తుంటే, నాకెలా అనిపించిందో మీకు తెలుస్తుంది.

మర్నాటి నుంచి అడుక్కురావడమే పని. తాటి మొద్దులు, ఇటుకల బట్టీ దగ్గర పాత చెక్క పలకలు, రైసుమిల్లు నుంచి ఊక మూటలు. గిలకలదిండి రేవులో చేపలకు ఐసు వేసే పెద్ద చెక్కపెట్టె ఒకటి, చివికిన వల ఒకటి కూడా ఇచ్చారు. వాటితోపాటు చేపల వాసన కూడా ఉచితంగా వచ్చింది. ఆ వారమంతా ఊళ్ళో కాకులన్నీ మా బడిలోనే చదువుకున్నాయి.

మొదటి దారి కట్టాను. ఘోరంగా కట్టాను. చూడగానే పెద్ద టీచరుగారు ఆశ్చర్యపోవాలని, అన్నిటికన్నా కష్టమైనదాన్ని ముందు పెట్టాను. ఐసుపెట్టెను దుంగ మీద పెట్టి ఊగేలా చేశాను, దాని వెనకే వల, ఆ వెనక దూరదూరంగా మొద్దులు. పిల్లలు పెట్టె ఎక్కారు, పడ్డారు. మొదటిరోజు పడి నవ్వారు. రెండోరోజు పడి మూతి ముడిచారు. ఆ తర్వాత కడుపునొప్పులు మొదలయ్యాయి, అందరూ వరండాలోకి చేరి మళ్ళీ చింతగింజలు తీశారు.

నేనూ, కుట్టు టీచరూ ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. ఆవిడ బందరు సాయిబుల ఇంటి పిల్ల, నన్ను వదినా అని పిలిచేది. నా పీరియడ్లు ఆవిడకే రావలసినవి, కాని ఉన్న నాలుగు మిషన్లతో బడి మొత్తానికి కుట్టు ఎలా నేర్పాలని ఆవిడ ఏడుపు ఆవిడది. ఆ రాత్రి అన్నాలు తింటూ నేను పిల్లల్ని తిడుతుంటే చాలాసేపు విని, చివరికి అంది: "వదినా, నేను మొదటిరోజే జాకెట్టు కుట్టమంటే ఎవరైనా నా క్లాసుకి వస్తారా? ముందు గుడ్డముక్క మీద ఒక గీత కుట్టిస్తాను. ఆ గీత వంకరపోయినా ఎవరికీ నష్టం లేదు."

అప్పుడే అర్థమైంది, మా పిల్లలకు చేతకాక కాదు, నేను వడ్డన తలకిందులు చేశానని. పప్పు లేదు, కూర లేదు, ఆకు వేయగానే మిరపకాయ బజ్జీ నోట్లో కుక్కాను.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి అసలు దిగనే లేదు. తనది దివిసీమ. తుఫాను తర్వాత బంధువులెవరో తెచ్చి మా హాస్టల్లో చేర్పించారు. ఇంట్లో ఎవరు మిగిలారో మేం అడగలేదు, తను చెప్పలేదు. నీళ్ళు నిలిచిన చోట ఆ పిల్ల కాలు పెట్టేది కాదు, చారెడు గుంట ఉన్నా చుట్టూ తిరిగి వెళ్ళేది. రెండో దారిని నేను ఆ అమ్మాయి కోసం కట్టాను. పైకి చెప్పలేదంతే.

ఒక పలక తీసుకుని వరండా గచ్చు మీద పరిచి నడవమన్నాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను. నడిచింది. మర్నాడు అదే పలకను వరండా కింద పొడినేల మీద వేశాను. ఆ మర్నాడు పలక చివర బురద అంచున ఉంది. ఆ తర్వాత పలక ఇటుకల మీదికి ఎక్కింది. ప్రతి అడుగూ నిన్నటి అడుగు లాంటిదే, వెంట్రుకవాసి కష్టం. ఒకరోజు ఆ పిల్ల తలెత్తి చూసేసరికి బురద నడుమ నిలబడి ఉంది. వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను ఏమీ ఎరగనట్టు విజిల్ తుడుచుకున్నాను.

ఇక ఆగలేదు. దారి మొత్తం ఊడబీకి మళ్ళీ కట్టాను. వరండా మెట్ల నుంచి పలకలు. పలకలయ్యాక చెక్కపెట్టెడు మట్టి పోసి ఒక దిబ్బ. దిబ్బ మీద నిలబడి ఊపిరి తీసుకోవచ్చు, కుట్టు టీచర్ ఇచ్చిన ఎర్రగుడ్డ ముక్క జెండాగా ఎగురుతుంటుంది. అక్కణ్ణుంచి తాటి మొద్దులు, వాటి మీద దూకుతూ రెండో దిబ్బ. ఆ తర్వాత ఊక మూటలు. వాటి మీద నిలబడితే కూరుకుపోతాయి, కాలు పెట్టీ పెట్టగానే ముందుకు సాగాలి. అవి దాటితే మూడో దిబ్బ. చిట్టచివర ఊగే ఐసుపెట్టె, అందులోంచి ఒక్క దూకు దూకితే గోడ పక్కనున్న పెద్ద దిబ్బ. పలక మీద నేర్చిన నిలకడ మొద్దు మీద పనికొస్తుంది, మొద్దు మీద నేర్చిన దూకుడు మూట మీద పనికొస్తుంది, ఈ మూడూ కలిస్తే గాని పెట్టె దాటలేరు. బురద ముట్టుకుంటే వెనక దిబ్బకు వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ రావాలి. మరీ మొదటికి వెళ్ళక్కర్లేదు. పడినవాళ్ళను ఏడిపించడం నా ఉద్దేశం కాదు.

ఒకటే దారి ఎందుకంటారా? ఎటైనా వెళ్ళమంటే మనిషి తనకు వచ్చినదాని వైపే వెళ్తాడు. దారి ఒకటే అయితే, ఆ పిల్ల ఎక్కడ భయపడుతుందో నాకు ముందే తెలుసు, ఎక్కడ నవ్వుతుందో తెలుసు. నేను పక్కన లేకపోయినా నేను వేసిన మొద్దు ఆ పిల్లతో మాట్లాడుతుంది. రెండు మొద్దుల నడుమ జానెడు జరిపితే చాలు, నడక కాస్తా దూకుడవుతుంది. పొద్దున్నే బడి తెరవకముందే వెళ్ళి ఆ మొద్దుల్ని అటో బెత్తెడు, ఇటో బెత్తెడు జరుపుతూ ఉండేదాన్ని. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన రోజులు ఇంకెప్పుడూ లేవు. పిల్లలూ అంతే. విజిల్ వేయకముందే లంగాలు ఎగదోపుకుని మెట్ల మీద వరుసకట్టేవారు. దివిసీమ అమ్మాయి మూడో దిబ్బకు కాపలా తీసుకుంది. పడినవాళ్ళు ఎవరూ చూడలేదన్నట్టు ముందుకెళ్ళబోతే అందరికన్నా గట్టిగా అరిచి వెనక్కి పంపేది.

వార్షికోత్సవాన్ని పెద్ద టీచరుగారు పౌర్ణమి రోజు పెట్టింది. కరెంటును నమ్మేట్టు లేదు, తల్లిదండ్రులు వెన్నెల్లో ఇళ్ళకు వెళ్తారని. మంచి ఆలోచనే. ఆవిడ మరిచిపోయింది, నాకు తెలియనే తెలియదు, ఏమిటంటే పౌర్ణమికి సముద్రం పోటు ఎక్కువ. బడి వెనక కాలవకు ఒకప్పుడు తలుపుండేది, పోటు నీళ్ళు వెనక్కి తన్నకుండా. తుఫానుకు ఆ తలుపు కొట్టుకుపోయింది, మళ్ళీ ఎవరూ బిగించలేదు. గిలకలదిండి పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. తర్వాత అడిగితే, టీచరుగార్లు పెట్టిన తేదీ కదండీ, మీకు తెలియకుండా పెడతారా అనుకున్నామండీ అన్నారు.

సాయంత్రం తల్లిదండ్రులు వరండా నిండా కూర్చున్నారు. పిల్లలు చేరేది గోడ పక్క పెద్ద దిబ్బ మీదికి గనుక, దగ్గర్నుంచి చూడడానికి పెద్ద టీచరుగారికి అక్కడే కుర్చీ వేశాం. గోడ వెంబడి ఉన్న సన్నటి గట్టు మీద గొడుగు ఊతంగా నడిచి వచ్చి కూర్చుంది. పక్కన నేనూ, కుట్టు టీచరూ. పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒకరిద్దరు పడ్డారు, వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చారు. వరండాలో చప్పట్లు మోగుతున్నాయి. అందరూ దాటి, మళ్ళీ దాటుకుంటూ వెనక్కి వెళ్ళారు. పెద్ద టీచరుగారు మాత్రం బోర్డు మీద లెక్క చూస్తున్నట్టే చూసింది.

తర్వాత లేచి మాట్లాడింది. పిల్లలు చక్కగా చేశారంది. అయితే ఆట అంటే పోటీ ఉండాలి, ఫస్టూ సెకండూ ఉండాలి, ఇందులో అందరూ ఒకే దారిన నడుస్తున్నారు, నడక నేర్పడానికి ఒక పీరియడ్ అవసరమా అంది. అక్కణ్ణుంచి క్రమశిక్షణ మీదికి వెళ్ళింది, కుట్టుపని ప్రయోజనాల మీదికి వెళ్ళింది. ఆవిడ ఉపన్యాసాలు బందరులో పేరుపడినవి. నాకు ఏడుపు ముంచుకొస్తోంది. తలవంచుకుని నేల చూస్తున్నాను. అప్పుడు చూశాను, నేల లేదు.

సముద్రం మీంచి తూర్పుగాలి లేచింది. కాలవ పొంగి మైదానం మీదికి చప్పుడు లేకుండా వచ్చేసింది. బురద కనిపించడం లేదు. గోడ వెంబడి వచ్చిన గట్టు మునిగిపోయింది. పెద్ద దిబ్బ మీద మేం ముగ్గురం, ఒక కుర్చీ, ఒక గొడుగు. పెద్ద టీచరుగారు మాట మధ్యలో ఆపేసి చుట్టూ చూసింది. దిగి నడుద్దామంటే మోకాలి లోతు నీళ్ళు, అడుగున గుల్లలు, పైగా వరండా నిండా జనం చూస్తుండగా చీర పైకెత్తడం ఆవిడ వల్ల కాదు. మిగిలింది ఒకటే దారి. అదీ చివర్నుంచి మొదటికి. ఊగే పెట్టె ముందు, పలకలు చివర. నేను మొదట కట్టిన తప్పుడు వరుస మళ్ళీ ఎదురొచ్చింది, ఈసారి పెద్ద టీచరుగారికి.

"నాకు రాదు కదమ్మా" అంది ఆవిడ, మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా. ఆ గొంతు అంతకుముందు నేను వినలేదు.

ఈలోగా నేను పిలవకుండానే మా పిల్లలు వచ్చేశారు. మొద్దు పక్కనొకరు, మూట పక్కనొకరు. మూడో దిబ్బ మీద దివిసీమ అమ్మాయి. చుట్టూ అన్ని నీళ్ళు. నేను ముందు ఆ పిల్ల ముఖమే చూశాను. తను మాత్రం పెద్ద టీచరుగారి పాదాల వంక చూస్తోంది, అవి ఎక్కడ పడాలో చెప్పాలి గనుక. పెట్టె ఇప్పుడు దుంగ మీద లేదు, నీళ్ళలో తేలుతోంది. పిల్లలు దాన్ని రెండు పక్కలా పట్టుకున్నారు. ఊగితే ఊగనివ్వండి, బిగుసుకుపోకండి అని చెబుతున్నారు. ఆవిడ గొడుగు కుట్టు టీచర్ చేతికిచ్చింది, కొంగు బిగించింది, ఎక్కింది. పెట్టె ఊగింది, ఆవిడా ఊగింది, మూడో దిబ్బ మీద పడుతూ లేస్తూ నిలబడింది.

తర్వాత ఊక మూటలు. అవీ తేలుతున్నాయి. ఒకటి దాటింది. రెండోదాని మీద ఆగి ఆలోచించింది. లెక్కల టీచర్ కదా. మూట పక్కకు జారింది, ఆవిడ నిలువునా నీళ్ళలోకి దిగిపోయింది. గంజిపెట్టిన తెల్లచీర నడుము దాకా బురద. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికుంది? ఇక తడవడానికి ఏమీ మిగల్లేదు, అలాగే నడుచుకుంటూ వరండాకు వెళ్ళిపోవచ్చు. ఆవిడ అటువైపు ఒక అడుగు వేసింది కూడా. నా ఉద్యోగం ఆ అడుగుతో అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మూడో దిబ్బ మీంచి ఆ అమ్మాయి గొంతు వినపడింది. "టీచరుగారండీ, పడితే వెనక దిబ్బ మీదికి రావాలండీ."

కుట్టు టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్ద టీచరుగారు వరండా వంక చూసింది, ఆ పిల్ల వంక చూసింది. వెనక్కి తిరిగింది. నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆ పిల్ల అందించిన చెయ్యి పట్టుకుని మూడో దిబ్బ ఎక్కింది.

"ఈసారి ఆగకండి. కాలు ఈ మూట మీదుంటే కన్ను అవతల మూట మీదుండాలండీ" అంది ఆ అమ్మాయి.

ఆవిడ ఆగలేదు. ఒక మూట, ఇంకో మూట, మరో మూట, రెండో దిబ్బ. అక్కణ్ణుంచి నేను అనుకోని వింత జరిగింది. తలకిందుల దారి కదా, పోనుపోను తేలికవుతోంది. మొద్దుల మీద నడుస్తుందనుకుంటే దూకింది. మొదటి దిబ్బ మీద ఊపిరి తీసుకోవాలి, తీసుకోలేదు. పిల్లల కాళ్ళ కింద జారకుండా మేం ముందే ఇటుకలకు కట్టేసిన పలకల మీద చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. ఎండకూ వానకూ మారని ఆ మనిషి పరిగెత్తింది. వరండా మొత్తం లేచి నిలబడింది. మా పిల్లల అరుపులు గిలకలదిండి దాకా వినపడి ఉంటాయి. నేను విజిల్ వేస్తున్నానట, నాకు తెలియదు.

మేమిద్దరం కూడా దాటుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని రొప్పుతోంది. ముఖం మీద బురద, జుట్టు ఊడిపోయింది. నేను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నాతో మాట్లాడలేదు. దివిసీమ అమ్మాయిని దగ్గరికి పిలిచి, రేపు కూడా పోటు ఇలాగే వస్తుందా అని అడిగింది.

"రేపు ఇంకా ఎక్కువొస్తుందండీ. పౌర్ణమి మర్నాడే ఎక్కువ. కాకపోతే కాస్త పొద్దుపోయి వస్తుందండీ" అంది ఆ పిల్ల, నీళ్ళు కారుతున్న లంగా పిండుకుంటూ.

పెద్ద టీచరుగారు మైదానం వంక చూసింది. తర్వాత నావైపు తిరిగి చెప్పింది. "అయితే రేపు మీ ఆటల పీరియడ్ ఆఖరుకి వేసుకోండి. ఇంటి బెల్లు నేను చెప్పినప్పుడు కొడతారు."